చెత్త సేకరణ, రీసైక్లింగ్ ప్రణాళికకు సిమ్యులేషన్: ఏ రకం మోడల్, ఎంత వివరంగా?

ప్రశ్న: పురపాలక_ప్రణాళిక

నమస్కారం. నేను ఒక మధ్యస్థాయి నగరపు పురపాలక సంస్థలో ఘన వ్యర్థాల విభాగంలో పనిచేస్తున్నాను. మా ముందు ఇప్పుడు మూడు ప్రతిపాదనలు ఉన్నాయి: నగరానికి రెండో వైపున మరొక ట్రాన్స్‌ఫర్ స్టేషన్ (సేకరణ వాహనాల చెత్తను దించి పెద్ద వాహనాల్లోకి మార్చే చోటు) నిర్మించడం, ఇప్పటిదాకా కలిపి తీసుకుంటున్న చెత్తను ఇళ్ల దగ్గరే తడి చెత్త, పొడి చెత్తగా వేరుచేయించి వేర్వేరు వాహనాల్లో సేకరించడం, పొడి చెత్తను విడదీసే సార్టింగ్ కేంద్రం సామర్థ్యాన్ని పెంచడం. మూడింటికీ ఒకే ఏడాదిలో నిధులు సమకూరవు కనుక దేన్ని ముందు చేపట్టాలో తేల్చేందుకు కంప్యూటర్ సిమ్యులేషన్ చేయించాలన్నది పైఅధికారుల ఆలోచన. ఆలోచన బాగానే ఉంది గానీ, ఎలాంటి సిమ్యులేషన్ అన్నది ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తేల్చే పని నాకు అప్పగించారు.

మా దగ్గర ఉన్న సమాచారం ఇది. వేబ్రిడ్జి (వాహనాలను తూచే కాటా) దగ్గర ప్రతి ట్రిప్పు బరువు, వచ్చిన సమయం నమోదవుతాయి. ఆ రికార్డులు కొన్నేళ్లవి భద్రంగా ఉన్నాయి. సేకరణ వాహనాల జీపీఎస్ వివరాలు ఉన్నాయి, అయితే మధ్యమధ్య ఖాళీలు ఉన్నాయి. వార్డుల వారీగా ఇళ్ల సంఖ్య, దుకాణాల సంఖ్య తెలుసు. చెత్తలో ఏ పదార్థం ఎంత శాతం ఉందన్న సర్వే మాత్రం ఒక్కసారే, అదీ వేసవిలో, జరిగింది.

నేను చదివినంతలో సిస్టమ్ డైనమిక్స్ (నిల్వలు, ప్రవాహాల లెక్క), డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ (వాహనం రావడం, దించడం వంటి ఒక్కో ఘటననూ వరుసగా నడిపి చూడడం), ఏజెంట్ ఆధారిత మోడల్ (ఒక్కో ఇంటి నిర్ణయాన్నీ విడిగా చూపడం), జీవితచక్ర విశ్లేషణ (మొదటి నుంచి చివరిదాకా పర్యావరణ ప్రభావాన్ని లెక్కించడం) అని నాలుగు దారులు కనిపించాయి. ఎవరి పద్ధతిని వారు సమర్థించుకుంటూ మొత్తం వ్యవస్థనూ దానితోనే చూపవచ్చంటున్నారు. నగరం మొత్తానికి ఒకే మోడల్ సాధ్యమేనా? వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చని పాలకమండలి ముందు ఏ ఆధారంతో చెప్పగలను?

సమాధానం 1: ప్రవాహ_చిత్రం

ఒకే మోడల్ ఆలోచనను ముందే పక్కన పెట్టమని నా సలహా. మీ మూడు ప్రతిపాదనలు మూడు వేర్వేరు కాలప్రమాణాలకు చెందినవి. ట్రాన్స్‌ఫర్ స్టేషన్ దగ్గర వాహనం ఎంతసేపు ఆగుతుందన్నది నిమిషాల్లో తేలే విషయం. ఇళ్లలో చెత్తను వేరుచేసే అలవాటు నెలల మీద ఏర్పడుతుంది. ల్యాండ్‌ఫిల్ (మిగిలిన చెత్తను పూడ్చే స్థలం) ఎప్పుడు నిండుతుంది, సార్టింగ్ కేంద్రం పెట్టుబడి ఎప్పటికి ఫలిస్తుంది అన్నవి ఏళ్ల లెక్కలు. నిమిషాలను, ఏళ్లను ఒకే మోడల్‌లో ఇరికిస్తే అది నడవడానికి గంటలు పడుతుంది, తప్పు ఎక్కడ దొర్లిందో కనిపెట్టడానికి వారాలు పడుతుంది.

ఏళ్ల లెక్కకు సిస్టమ్ డైనమిక్స్ సరిపోతుంది. 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ కర్మాగారాల నిల్వలు, ఆర్డర్ల ఒడిదుడుకులను అర్థం చేసుకోవడానికి రూపొందించిన పద్ధతి ఇది. తరువాత ఆయనే దాన్ని నగరాలకూ వర్తింపజేశారు. నిల్వలు, ప్రవాహాలు, వాటి మధ్య తిరిగి వచ్చే ప్రభావాలు, ఆలస్యాలు అన్నవే దీని సరుకు. ల్యాండ్‌ఫిల్‌లో మిగిలిన ఖాళీ ఒక నిల్వ, రోజూ చేరే చెత్త ఒక ప్రవాహం. ఖాళీ తగ్గేకొద్దీ రీసైక్లింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, కొత్త కేంద్రం కట్టేలోపు రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

అయితే ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ పోకముందు కాగితం మీద పదార్థాల జమాఖర్చు వేయండి. ఉదాహరణగా కొన్ని ఊహాత్మక అంకెలు తీసుకుంటాను. నగరంలో పుట్టే చెత్తలో రీసైకిల్ చేయదగినది 100 టన్నులు అనుకుందాం. 60 శాతం ఇళ్లు వేరుచేసి ఇస్తాయి. అలా ఇచ్చే ఇళ్లు తమ దగ్గరున్న ఆ సరుకులో 70 శాతాన్ని సరైన డబ్బాలో వేస్తాయి. సార్టింగ్ కేంద్రం తన దగ్గరికి వచ్చినదానిలో 85 శాతాన్ని పట్టుకుంటుంది. మూడింటినీ గుణిస్తే చివరికి దక్కేది 35.7 టన్నులు. ఇప్పుడు కేంద్రంలో కొత్త యంత్రాలు పెట్టి 85ను 95 చేస్తే 39.9 టన్నులు వస్తాయి. యంత్రాల జోలికి పోకుండా పాల్గొనే ఇళ్లను 60 నుంచి 70 శాతానికి తేగలిగితే 41.65 టన్నులు వస్తాయి. గుణకాల గొలుసులో అన్నింటికంటే బలహీనంగా ఉన్న లంకెను పది పాయింట్లు పెంచినప్పుడే ఎక్కువ లాభం కనిపిస్తుంది. మీ మూడో ప్రతిపాదనను అంచనా వేయడానికి ఈ ఒక్క గుణకారం సగం దూరం తీసుకెళుతుంది.

మిగతా సగానికే సిమ్యులేషన్ కావాలి, ఎందుకంటే ఈ మూడు శాతాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదలవు. ఆసక్తి ఉన్న ఇళ్లు ముందే చేరిపోతాయి. ఆ తరువాత చేరేవారి డబ్బాల్లో పొరపాటు సరుకు ఎక్కువగా ఉంటుంది. దానితో సార్టింగ్ బెల్టు మీద చెత్త పొర మందమవుతుంది, మనుషులకూ, వస్తువులను కాంతితో గుర్తించి విడదీసే ఆప్టికల్ సార్టర్లకూ కింది వస్తువులు కనిపించవు, 85 శాతం ఉన్న పట్టు తగ్గుతుంది. పాల్గొనే ఇళ్లు పెరిగాయన్న సంతోషంలో కేంద్రం సామర్థ్యం తగ్గిన సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. ఆ బంధాన్ని మోడల్‌లో సమీకరణంగా రాసి, పాల్గొనే శాతం ఏ స్థాయి దాటాక కేంద్రం విస్తరణ తప్పనిసరి అవుతుందో వెతకండి. నా ఉద్దేశంలో మీ అధికారులు అడగవలసిన అసలు ప్రశ్న అదే.

సమాధానం 2: వరుసల_లెక్క

ట్రాన్స్‌ఫర్ స్టేషన్ విషయం నేను చెబుతాను. ఇక్కడ సగటులతో లెక్కవేసేవారు తరచుగా బోల్తా పడతారు. చెత్త దించే చోటు ఒక్కటే ఉందని, ఒక్కో వాహనానికి సగటున 6 నిమిషాలు పడుతుందని అనుకోండి. అంటే గంటకు 10 వాహనాల సామర్థ్యం. గంటకు 8 వాహనాలు వస్తున్నాయంటే ఇంకా 20 శాతం ఖాళీ ఉందని కాగితం చెబుతుంది. వాహనాలు యాదృచ్ఛికంగా వస్తూ, దించే సమయమూ విస్తృతంగా మారుతూ ఉంటే క్యూ సిద్ధాంతపు అతి సరళమైన సూత్రం ప్రకారం ఒక్కో వాహనం వరుసలో సగటున 24 నిమిషాలు నిలబడుతుంది. గంటకు 9 వస్తే 54 నిమిషాలు, తొమ్మిదిన్నర చొప్పున వస్తే 114 నిమిషాలు. దించే సమయం ఎప్పుడూ సరిగ్గా 6 నిమిషాలే అయితే ఈ నిరీక్షణ సగానికి తగ్గుతుంది. కనుక మరో స్టేషన్ కట్టడానికి ముందు, దించే సమయంలో అంత తేడా ఎందుకు వస్తోందో చూడడం చవకైన మార్గం కావచ్చు: టిప్పింగ్ తలుపు ఇరుక్కుపోవడం, వేబ్రిడ్జి దగ్గర చీటీ రాయడం, లోడర్ ఖాళీ లేకపోవడం వంటివి.

పై సూత్రానికి ఒక షరతు ఉంది. వ్యవస్థ చాలాసేపు ఒకే తీరులో నడిచి స్థిరపడ్డాకే అది వర్తిస్తుంది. షిఫ్టులో అలా స్థిరపడే వ్యవధి ఉండదు. అన్ని వాహనాలూ ఉదయం ఒకే వేళకు బయలుదేరతాయి, మొదటి ట్రిప్పు ఇంచుమించు ఒకే వేళకు నింపుకుంటాయి, గేటు దగ్గరికి గుంపుగా చేరతాయి. రోజు మొత్తం మీద 60 శాతం వినియోగమే ఉన్న స్టేషన్ దగ్గర కూడా ఆ ఒక్క గంటలో వరుస రోడ్డు మీదికి వస్తుంది. సూత్రం చెప్పలేని ఇలాంటి సందర్భానికే డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ పుట్టింది. పైథాన్ తెలిసినవారు ఉంటే సింపై అనే ఉచిత లైబ్రరీతో ఈ భాగం కొద్ది వారాల్లో తయారవుతుంది. వేబ్రిడ్జి సమయాలను సగటుగా మార్చకుండా, ఉన్నవి ఉన్నట్లు మోడల్‌లోకి పంపి మొదటి పరుగు నడపండి. రెండు బృందాల షిఫ్టును అరగంట వెనక్కి జరిపితే వరుస ఎంత తగ్గుతుందో కూడా అదే మోడల్‌లో చూడండి. ఆ మార్పుకు సిమెంటు అక్కర్లేదు.

రూట్ల గురించి ఒక మాట. వాహనాల రూట్ల సమస్యకు తొలి గణిత రూపం 1959లో డాంట్జిగ్, రామ్సర్ రాసిన పత్రంలో వచ్చింది. అక్కడి వాహనాలు పెట్రోలు బంకులకు సరఫరా చేసేవి, అంటే చేరవలసిన చోట్లు విడివిడి బిందువులు. వీధి మూలల్లో పెద్ద డబ్బాలు ఉన్న చోట ఆ రూపం సరిపోతుంది. ఇంటింటి సేకరణలో వాహనం వీధి పొడవునా నడవాలి. అది 1960లో చైనా గణితవేత్త గువాన్ మేగు చర్చించిన, ఇప్పుడు చైనీస్ పోస్ట్‌మ్యాన్ సమస్యగా పిలిచే కోవకు చెందుతుంది. రూట్ల సాఫ్ట్‌వేర్ అమ్మేవారిని ఈ రెండింటిలో ఏది లోపల వాడుతున్నారని అడగండి. జవాబు తడబడితే జాగ్రత్తపడవచ్చు.

మరొక విషయం మీ మొదటి, రెండో ప్రతిపాదనలను విడదీయరానివిగా చేస్తుంది. తడి చెత్త బరువెక్కువ, పొడి చెత్త జాగా ఎక్కువ. తడి చెత్త వాహనం పరిమాణంలో నిండకముందే అనుమతించిన బరువుకు చేరవచ్చు. పొడి చెత్త వాహనం తూకంలో సగం కూడా కాకముందే అంచులదాకా నిండుతుంది. కాంపాక్టర్‌తో గట్టిగా అదిమితే జాగా కలిసివస్తుంది గానీ, గాజు పగిలి కాగితంలో కలిసిపోయి సార్టింగ్ కేంద్రంలో ఆ సరుకు పనికిరాకుండా పోతుంది. కాబట్టి విడి సేకరణ మొదలైన రోజు నుంచి టన్నులు మారకపోయినా ట్రిప్పుల సంఖ్య మారుతుంది, గేటు దగ్గరి గుంపు మారుతుంది. ఈ రోజు వేబ్రిడ్జి రికార్డుతో రెండో స్టేషన్ అవసరాన్ని తేల్చి, ఆ తరువాత విడి సేకరణ ప్రవేశపెడితే మొదటి లెక్క చెల్లదు.

సమాధానం 3: స్ప్రెడ్‌షీట్_పక్షం

పై ఇద్దరితోనూ విభేదించను, కానీ పని పరిమాణం చూసి భయం వేస్తోంది. సిమ్యులేషన్ ఒప్పందం ఇచ్చిన చోట్ల ఏడాది గడిచేసరికి అందమైన యానిమేషన్ తెర మీద తిరుగుతుంది, నిర్ణయం మాత్రం అంతకుముందే ఎవరో తీసేసుకుని ఉంటారు. పదార్థాల జమాఖర్చు, ట్రిప్పుల లెక్క, ల్యాండ్‌ఫిల్ మిగులు జాగా ఈ మూడూ స్ప్రెడ్‌షీట్‌లో ఒక నెల పని. ప్రతి అంచనాకూ తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు విలువలు పెట్టి చూడండి. ఏ కలయికలో చూసినా ఒకే ప్రతిపాదన ముందుంటే అక్కడితో ఆపేయవచ్చు. విలువలు మారినప్పుడు ప్రతిపాదనల వరుస కూడా మారుతుంటే, ఏ విలువ దగ్గర మారుతోందో ఆ భాగానికి మాత్రమే సిమ్యులేషన్ కట్టించండి.

పురపాలక_ప్రణాళిక

అందరికీ ధన్యవాదాలు. స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టాలన్న మాట నాకు నచ్చింది. గేటు దగ్గరి వరుసకు మాత్రం విడిగా మోడల్ కావాలనిపిస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, ప్రజలు ఎంతమంది వేరుచేసి ఇస్తారన్నది ఎలా ఊహించాలి? ఏజెంట్ ఆధారిత మోడల్ దీనికేనని అంటున్నారు. రెండోది, ఈ చర్చ సాగుతుండగానే మిగిలిన చెత్తను కాల్చి విద్యుత్తు తీసే ప్లాంటు కోసం ఒక సరఫరాదారు తన సొంత సిమ్యులేషన్ నివేదికతో వచ్చారు. అందులో పర్యావరణ లాభం చాలా ఎక్కువగా చూపించారు. దాన్ని ఎలా పరీక్షించాలి?

సమాధానం 4: ల్యాండ్‌ఫిల్_ఇంజనీరు

రెండో సందేహం నుంచి మొదలుపెడతాను. ఆ నివేదిక వెనకున్న ఇన్‌పుట్ ఫైలు అడగండి. అందులో చూడవలసిన మొదటి అంకె చెత్త కెలోరిఫిక్ విలువ, అంటే కాల్చినప్పుడు వచ్చే వేడి. ప్రపంచబ్యాంకు 1999లో ప్రచురించిన సాంకేతిక మార్గదర్శకం ప్రకారం, దహన ప్లాంటుకు వచ్చే చెత్త నికర కెలోరిఫిక్ విలువ ఏడాది సగటున కిలోకు కనీసం 7 మెగాజౌళ్లు ఉండాలి, ఏ కాలంలోనూ 6కు తగ్గకూడదు. మీ సర్వే వేసవిలో జరిగిందన్నారు. ఎండకు ఆరిన చెత్త విలువ సహజంగానే ఎక్కువగా కనిపిస్తుంది. వర్షాకాలపు తేమతో అదే చెత్త ఆ గీత కిందికి దిగవచ్చు. పైగా మీ రెండో ప్రతిపాదన ప్రకారం కాగితం, ప్లాస్టిక్ బయటికి తీస్తే మిగిలినదాని విలువ పడిపోతుంది. తడి చెత్తను బయటికి తీస్తే పెరుగుతుంది. సరఫరాదారు మోడల్ ఈ రోజు చెత్తతో నడిచిందా, విడి సేకరణ తరువాత మిగిలే చెత్తతో నడిచిందా అన్నది చూడకుండా ఆ నివేదికలో తరువాతి పేజీకి వెళ్లనవసరం లేదు.

రెండో అంకె, ఆ విద్యుత్తు దేనికి బదులుగా వస్తోందని లెక్కవేశారన్నది. బొగ్గు విద్యుత్తును తప్పిస్తున్నామని రాస్తే లాభం భారీగా కనిపిస్తుంది; జల, పవన, సౌర విద్యుత్తు ఎక్కువగా ఉన్న గ్రిడ్ అని రాస్తే అదే ప్లాంటు లాభం కుంచించుకుపోతుంది, కొన్ని సందర్భాల్లో నష్టంగానూ మారుతుంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈజీటెక్ వంటి జీవితచక్ర సాధనాల్లో ఈ విలువను మార్చి చూడడం కష్టం కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే వార్మ్ మోడల్ వాడితే, దానిలోని ముందస్తు విలువలు ఆ దేశపు పరిస్థితులవని గుర్తుంచుకోవాలి.

మూడోది మీథేన్, అంటే ల్యాండ్‌ఫిల్‌లో చెత్త కుళ్లినప్పుడు వెలువడి భూతాపాన్ని పెంచే వాయువు. ల్యాండ్‌ఫిల్‌కు వెళ్లకుండా ఆపిన ప్రతి టన్నుకూ ఆ ఏడాదే మొత్తం లాభాన్ని జమకట్టే నివేదికలు చూశాను. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాల పద్ధతి ప్రకారం చెత్త ఒక్కసారిగా కుళ్లిపోదు, ఏటా మిగిలినదానిలో ఒక నిష్పత్తి మాత్రమే కుళ్లుతుంది. ఆహార వ్యర్థాలకు వేడి, తేమ ఉన్న ఉష్ణమండల వాతావరణంలో ఆ రేటు 0.4గా ఇచ్చారు, అంటే సగం కుళ్లడానికి సుమారు 1.7 ఏళ్లు. పొడిగా ఉండే సమశీతోష్ణ వాతావరణంలో రేటు 0.06, అక్కడ సగం కుళ్లడానికి సుమారు పన్నెండేళ్లు. పాత గుట్టలో ఉన్నది మీరు ఏ ప్లాంటు కట్టినా వాయువు ఇస్తూనే ఉంటుంది.

ఇక ప్రజల విషయం. ఏజెంట్ ఆధారిత మోడల్‌లో ప్రతి ఇంటినీ ఒక చిన్న నిర్ణేతగా పెట్టి, పొరుగువారిని చూసి మారే గుణం, డబ్బా ఎంత దూరంలో ఉంది, వాహనం ఎన్నిసార్లు రాకుండా పోయింది వంటివి చేర్చవచ్చు. నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌లో అటువంటిది కట్టడం ఆసక్తికరమైన పనే. కానీ ఇష్టం వచ్చినట్లు సర్దుబాటు చేసుకోగల విలువలు అందులో చాలా ఉంటాయి, వాటితో ఏ గతాన్నయినా సరిపోల్చి చూపించవచ్చు. మీ దగ్గర ఇంటి స్థాయి సమాచారం లేదు కనుక ఆ మోడల్ భవిష్యత్తును చెబుతుందని నేను నమ్మను. రెండు మూడు భిన్నమైన వార్డుల్లో విడి సేకరణను ముందుగా మొదలుపెట్టి, కొన్ని నెలలపాటు పాల్గొనే ఇళ్లను, డబ్బాల్లోని పొరపాటు సరుకును కొలిచి, ఆ విలువలను మోడల్‌కు ఇవ్వండి. వాహనం చెప్పిన రోజున రాకపోతే ఆ మరుసటి వారం ఎంతమంది మానేశారన్నది తప్పకుండా నమోదు చేయించండి. సేవ తప్పడానికీ అలవాటు తప్పడానికీ ఉన్న ఈ బంధాన్ని కార్యాలయంలో కూర్చుని ఊహించడం అసాధ్యం.

అదే సమయంలో చెత్త సర్వేను వర్షాకాలంలోనూ చేయించండి. ప్రమాణాలు రూపొందించే సంస్థ ఏఎస్‌టీఎం ఇచ్చిన డీ5231 ప్రమాణం ఒక్కో నమూనాకు 91 నుంచి 136 కిలోలు తీసుకోమంటుంది. ఎన్ని నమూనాలు కావాలన్నది మీరు కోరే కచ్చితత్వాన్ని బట్టి, ఏ పదార్థం మీద దృష్టి పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. తక్కువగా కనిపించే అల్యూమినియం వంటివాటికి ఎక్కువ నమూనాలు కావాలి. చెత్త ఏరుకునేవారు వాహనం కంటే ముందే తీసుకుపోయే విలువైన సరుకు వేబ్రిడ్జి రికార్డులో కనిపించదు. దాన్ని లెక్కించకుండా సార్టింగ్ కేంద్రం ఆదాయాన్ని వేస్తే అది వారి జీవనాధారాన్ని తెలియకుండా కేంద్రానికి బదిలీ చేసినట్లవుతుంది, పైగా ఆ ఆదాయం నిజంగా రాదు కూడా.

సమాధానం 5: వరుసల_లెక్క

నమ్మకం గురించి మీరు మొదట అడిగిన ప్రశ్న మిగిలిపోయింది. వేబ్రిడ్జి రికార్డుల్లో చివరి ఏడాదిని మోడల్ కట్టేవారికి ఇవ్వకండి. మిగిలిన ఏళ్లతో వారు విలువలను సరిదిద్దుకున్నాక, ఆ దాచిన ఏడాదికి నెలనెలా టన్నులు, ట్రిప్పులు, గంటల వారీ రాకలు ఎలా ఉండాలో మోడల్‌తో చెప్పించి, తరువాత రికార్డు తెరిచి పోల్చండి. మొత్తం టన్నులు సరిపోవడం పెద్ద పరీక్ష కాదు. ఉదయపు గుంపు, సెలవు మరునాటి ఉప్పెన సరిపోయాయా అన్నది చూడండి. జీపీఎస్‌లో ఖాళీలున్న రోజులను సగటులతో పూడ్చవద్దు, పోలికలో నుంచి తీసేయండి.

యాదృచ్ఛిక సంఖ్యలతో నడిచే మోడల్ ప్రతి పరుగులోనూ వేరే జవాబు ఇస్తుంది కనుక ఒక్క పరుగు ఫలితాన్ని నివేదికలో రాయనివ్వకండి. ప్రతి ప్రతిపాదననూ చాలాసార్లు నడిపించి, పోల్చేటప్పుడు అన్ని ప్రతిపాదనలకూ అవే యాదృచ్ఛిక వరుసలు ఇవ్వమనండి. అప్పుడు కనిపించే తేడా ప్రతిపాదన వల్ల వచ్చిందే గానీ ఆ రోజు అదృష్టం వల్ల వచ్చింది కాదు. పాలకమండలికి ఒక్క సంఖ్య బదులు వ్యవధి చూపండి: వందలో తొంభై పరుగుల్లో నిరీక్షణ ఇంత నుంచి ఇంత మధ్య ఉందని.

మరొక పరుగు తప్పకుండా చేర్చండి. 2018లో చైనా వ్యర్థాల దిగుమతిని కట్టడి చేసి, కాగితం వంటి సరుకులో మలినం 0.5 శాతం మించకూడదన్నప్పుడు అంతకుముందు సులువుగా అమ్ముడుపోయిన రీసైక్లింగ్ సరుకు చాలా దేశాల్లో గోదాముల్లో పేరుకుపోయింది. కొనేవారు ఆరు నెలలు ఆగిపోతే మీ సార్టింగ్ కేంద్రం ఆవరణలో బేళ్లు (అదిమి కట్టిన సరుకు మూటలు) ఎన్ని రోజుల్లో నిండుతాయో, ఆ తరువాత పొడి చెత్త వాహనాలు ఎక్కడికి మళ్లాలో మోడల్‌ను అడగండి. ఆ మళ్లింపు ట్రాన్స్‌ఫర్ స్టేషన్ వైపే అయితే, గేటు దగ్గరి వరుసను ఆ భారంతో మళ్లీ ఒకసారి నడిపించాలి.